వరిపొట్టలో కనబడని కాపురము

గత సంవత్సరము మా ప్రయోగశాలలో ఒక చిన్న వింత జరిగినది. శిలీంధ్రములను పెంచుటకై విద్యార్థులు మూతపెట్టి ఉంచిన గాజు పళ్ళెములలో, ఎవరును ముట్టకుండగనే, పచ్చని బూజు చుక్కలు వరుసగా బయలుదేరి ఒక అంచు నుండి మరియొక అంచునకు సాగినవి. ముంగిట ముగ్గుకు చుక్కలు పెట్టినట్లే ఉన్నది. సూక్ష్మదర్శిని క్రింద చూడగా ఆ చుక్కల వెంబడి మెల్లగా నడచుచున్న తెల్లని ప్రాణి కనిపించినది. అది బూజును మేయుచు, కాళ్ళకంటిన సిద్ధబీజములను అడుగడుగున నాటుచు పోవుచున్నది. మా నెల దినముల శ్రమ పాడైనది. అయినను ఆ పళ్ళెము మాకొక పాత పొరపాటును గుర్తు చేసినది. ఆ పొరపాటును చెప్పుకొనుటకే ఈ వ్యాసము.

ముందుగా పేరు సంగతి. నల్లి యనగానే మనకు నులక మంచము గుర్తు వచ్చును. ఆ నల్లికి ఆరు కాళ్ళు, అది కీటకము. పైరుల మీది నల్లికి ఎనిమిది కాళ్ళు. అది సాలీడునకు, పశువుల గోమారికి చుట్టము. గ్రుడ్డు నుండి వెలువడిన పిల్లకు మాత్రము ఆరు కాళ్ళే ఉండును. బూజు అను మాట కూడ ఇట్లే రెండు పనులు చేయుచున్నది. ఇంటి మూలల సాలెపట్టును, ఊరగాయ మీది తెల్లని పొరను మనము బూజే యందుము. మా ఉర్దూ విభాగపు మిత్రులు మాత్రము రెండవదానిని ఫఫూందీ యని, మొదటిదానిని జాలా యని వేరు చేసి పిలుతురు. ఈ విషయమున వారి భాషయే శాస్త్రమునకు దగ్గరగా ఉన్నదని ఒప్పుకొనక తప్పదు.

ఇక ఆ పొరపాటు. రెండేండ్ల క్రిందట ఖరీఫ్ చివర మా విద్యార్థి ఒకని తండ్రి తన పొలము నుండి నాలుగు వరి దుబ్బులను గోనెసంచిలో తెచ్చినాడు. బి.పి.టి. 5204 రకము. పోటాకు తొడిమల మీద ముదురు గోధుమరంగు మచ్చలు, లోపల తెల్లని బూజు. కంకి సగము బయటకు వచ్చి సగము పొట్టలోనే నిలిచిపోయినది. మేము బూజును చూచితిమి, పొట్టకుళ్ళు తెగులని గుర్తించితిమి, తెగులు మందు చల్లుమని చెప్పి పంపితిమి. గుర్తించుట తప్పు కాదు. 1922లో సవాడా అను శాస్త్రజ్ఞుడు తైవానులో వర్ణించిన తెగులే అది; దానికి కారణమైన శిలీంధ్రమును నేడు సారోక్లాడియం ఒరైజే యందురు. మూడు వారముల పిమ్మట ఆయన మరల వచ్చినాడు.

"మాస్టారూ, మందు రెండుసార్లు కొట్టాం. కంకి బయటికి రాలేదు. వచ్చినకాడికి తాలే."

మా వద్ద సమాధానము లేదు. గాజు పళ్ళెము సంగతి జరిగిన తరువాతనే, తొడిమను లోపలి వైపు నుండి చూడవలెనన్న ఆలోచన మాకు కలిగినది. నిరుటి ఖరీఫులో ఆయన పొలమునకే పోయి, పొట్టదశలోని పిలకలను తెచ్చి, తొడిమలను విప్పి చూచితిమి. లోపలి గోడ మీద పసుపు, గోధుమరంగు చారలు, వాటి నడుమ గాజుపూసల వలె మెరయు గ్రుడ్లు, పారదర్శకమైన నల్లులు గుంపులు గుంపులుగా ఉన్నవి.

ఇదియే కంకి నల్లి. శాస్త్రనామము స్టినియోటార్సోనీమస్ స్పింకీ. ఆడది మిల్లీమీటరులో నాలుగవ వంతునకు కాస్త ఎక్కువ. మగది ఇంకను చిన్నది. 1967లో స్మైలీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించినాడు. ఆ నమూనా లూసియానాలో వరి మీద వ్రాలు ఒక దోమ శరీరముపై దొరికినది. అనగా ఇది ఇతరుల వీపు మీద కూడ ప్రయాణము చేయగలదు. 1970లలో తైవానులోను, 1997లో క్యూబాలోను ఇది వరికి పెద్ద నష్టము కలిగించినది. మన రాష్ట్రములో 1990ల చివర ఉభయ గోదావరి జిల్లాల రైతులు దీని రుచి చూచినారు.

దీని సంతానవృద్ధి విచిత్రమైనది. మగదానితో కలియని ఆడనల్లి పెట్టు గ్రుడ్ల నుండి మగపిల్లలు మాత్రమే పుట్టును. అవి ఎదిగిన పిమ్మట తల్లి వాటితోనే కలిసి, ఆ తరువాత ఆడపిల్లలను కనును. వేడి, తేమ ఉన్నచో గ్రుడ్డు నుండి పెద్దదగుటకు వారము దినములు కూడ పట్టదు. కావున ఒక పొలమును ముంచుటకు గాలిలో కొట్టుకొని వచ్చిన ఒక్క ఆడనల్లి చాలును.

నల్లి తొడిమ లోపలి కణములను గుచ్చి రసము పీల్చును. ఆ గాయములే శిలీంధ్రమునకు ద్వారములు. అంతేగాక నల్లి తన దేహమునకు అంటిన సిద్ధబీజములను ఒక తొడిమ నుండి మరియొక తొడిమకు మోసికొని పోవును. గింజ పాలు పోసుకొనక తాలగును, లేదా చిలుకముక్కు వలె వంకరపోవును. నిండిన కంకి వంగును. ఇది బరువు లేక నిటారుగా నిలుచును. దూరము నుండి చూచువారికి చేను ఆరోగ్యముగనే ఉన్నట్లు తోచును. నల్లి లేకుండగను శిలీంధ్రము ప్రవేశింపగలదు, శిలీంధ్రము లేకుండగను నల్లి నష్టము చేయగలదు. రెండును కలిసిన చోట మాత్రము తెగులు మందు ఒక్కటే చల్లినచో సగము వైద్యమే. మేము ఆయన చేత చేయించినది ఆ సగమే.

నల్లి, శిలీంధ్రముల స్నేహము ఇంతకంటె లోతుగా పోయిన చోట్లు గలవు. అమెరికా దక్షిణ రాష్ట్రములలో పైన్ చెట్ల బెరడు తొలుచు పెంకుపురుగుల మీద ఇదే కుటుంబపు నల్లులు స్వారీ చేయును. వాటి శరీరమున సిద్ధబీజములను దాచుకొను సంచులే ఉన్నవి. బెరడులో తమ బూజును తామే నాటి, తామే తినును. ఆ బూజు పెరిగిన చోట పెంకుపురుగు పిల్లలకు తిండి కరవగును. వాహనమునకే చేటు!

అన్ని నల్లులును దుష్టములు కావు. కాఫీ ఆకుల ఈనెల మూలలలో చిన్న గుంటలు ఉండును. అరకులోయకు పోయినవారు ఆకు త్రిప్పి చూడవచ్చును. ఇట్టి గుంటలలో నివసించు నల్లులలో కొన్ని ఆకు మీది శిలీంధ్రములను మేసి చెట్టునకు ఉపకారము చేయును. మన మామిడితోటలలో రాలి చెమ్మగిలిన ఆకుల క్రింద గట్టి పెంకు గల నల్లులు బూజును, కుళ్ళిన ఆకును తిని నేలను సారవంతము చేయుచున్నవి.

మన తిరువూరు ప్రాంతపు చిక్కు వేరు. చెరువుల క్రింద నాట్లు ఒకప్పుడు, సాగర్ ఎడమ కాలువ చివరి భూములలో నాట్లు మరియొకప్పుడు. ముందు చేను ముదురుచుండగా ప్రక్క చేను పొట్టకు వచ్చును. నల్లికి ఇల్లు మారుట సులభము. ఊరంతయు ఒకేసారి నాట్లు వేయుట, కోత కాగానే దుబ్బులను దున్ని వేయుట, యూరియా మితముగా వాడుట మందుల కంటె ముందు చేయవలసిన పనులని మా అభిప్రాయము. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు నల్లిని తిను మిత్రజీవులను చంపి నల్లినే పెంచగలవు. ఒకప్పుడు విరివిగా వాడిన డైకోఫాల్‌ను భారత ప్రభుత్వము 2023లో నిషేధించినది. కావున ఏ మందునైనను వ్యవసాయాధికారిని అడిగియే వాడవలెను.

విద్యార్థులు తమ చేలలో దీనిని తామే వెదకవచ్చును. చిరుపొట్ట దశలో చేనులో అక్కడక్కడ పిలకలను కోసి, పోటాకు తొడిమను గోటితో చీల్చి, లోపలి వైపు గోధుమ చార ఉన్నదేమో చూడవలెను. చార ఉన్నచో ఆ ముక్కను తడిగుడ్డలో చుట్టి ప్రయోగశాలకు తేవలెను. పది రెట్లు చూపు చేతి భూతద్దములో అది కదలు దుమ్మువలె మాత్రమే కనిపించును. మాకున్న సూక్ష్మదర్శినులు పలుచని ముక్కలకే పనికివచ్చును. తొడిమను తొడిమగనే చూచుటకు వేరు రకము కావలెను. ఈ మాట కమిటీ పెద్దల చెవిని వేయుచున్నాము. ఈ ఖరీఫులో ఆయన చేను పొట్టకు రాకముందే మేము పోవుచున్నాము. రాదలచిన విద్యార్థులు పేరు ఇవ్వవచ్చును.