పెద్ద క్యూబులో కనబడ్డ నా పాత తప్పులు

ఆలమూరులో లేతు షాపు నడిపి, రైసు మిల్లుల షాఫ్టులూ బుష్షులూ చేసి బతికినవాణ్ణి. మనవడి ఏడు వరుసల రూబిక్ క్యూబును విప్పి చూస్తే, లేతు పని నాకు ఆలస్యంగా నేర్పినవన్నీ అందులో కనబడ్డాయి. పనిముట్టు పట్టబోయే పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

1. చిన్నదాన్ని సాగదీస్తే పెద్దది కాదు.

హంగరీకి చెందిన ఎర్నో రూబిక్ 1974లో చేసిన మూడు వరుసల క్యూబులో పైకి కనిపించే ముక్కలు 26. ఏడు వరుసలకు అవి 218 అవుతాయి. లోపల ఆరు చేతుల ఇరుసు మాత్రం ఒక్కటే. ముక్కను ముక్క పట్టుకుంటూ ఆ పట్టు చివరికి ఇరుసుదాకా చేరాలి. కొత్తలో నేనొక మిల్లుకు షాఫ్టు పొడవు రెట్టింపు చేసి, లావు పాతదే ఉంచాను. బరువు నడుమ పడినప్పుడు, పొడవు రెట్టింపయితే వంపు ఎనిమిది రెట్లవుతుంది. కోతల కాలంలో మిల్లు ఆగిపోయింది.

2. మూలకు పట్టు లేకపోతే నడుమ ఎంత గట్టిగా ఉన్నా దండగే.

ఏడు వరుసలూ సమానంగా ఉన్న క్యూబులో పై వరుసను 45 డిగ్రీలు తిప్పండి. మూల ముక్క లోపలి కొన నడిమి నుంచి 3.54 వరుసల దూరం పోతుంది. కింది వరుస అంచు 3.5 దగ్గరే ఆగిపోతుంది. ముక్క మొత్తం గాల్లోకి వచ్చేస్తుంది, దాని కాలు దూర్చడానికి చోటుండదు. ఆరు వరుసలదాకా ఈ చిక్కు లేదు. గ్రీసు దేశపు పనాయోటిస్ వెర్డెస్ ఏడు వరుసల క్యూబు ముఖాలను ఉబ్బెత్తుగా చేసి గట్టెక్కాడు. మరికొందరు బయటి వరుసను లావు చేశారు. నేనేమో బోల్టులన్నీ ఒకే సైజుండాలని పంతం పట్టి, ఎక్కువ బరువు మోసే మూల బోల్టులు తెగేదాకా తెచ్చుకున్నాను.

3. వెంట్రుకవాసి తేడా ఒంటరిగా రాదు.

ముక్కకు 0.1 మిల్లీమీటరు ఎక్కువైతే ఏడు వరుసలకు 0.7 అవుతుంది. టైటయితే తిరగదు, లూజయితే ముక్కలు ఊడిపోతాయి. నెదర్లాండ్స్‌కు చెందిన ఆస్కార్ వాన్ డెవెంటర్ 2011లో చూపిన 17 వరుసల క్యూబులో 1539 ముక్కలున్నాయి. అక్కడ ఎంత నిక్కచ్చిగా ఉండాలో ఊహించుకోండి. కొలిచే వెర్నియర్ పక్కన పడేసి ‘పరవాలేదులే’ అనడం నాకు అలవాటుగా ఉండేది. ఆ మాట బరువంతా ఫిట్టరు మీద పడేది. పాపం, ఆకురాయి పట్టుకుని రాత్రిదాకా అరగదీసేవాడు.

4. సర్దుకునే దారి ముందే ఉంచాలి.

ఏ కొలతా చివరిదాకా నిలవదు. ప్లాస్టిక్కయినా ఇనుమైనా అరుగుతుంది. మూడు వరుసల క్యూబులో నడిమి ముక్క మూత తీస్తే స్క్రూ, దాని కింద స్ప్రింగు. కాస్త తిప్పితే బిగువు మారుతుంది. వరుసలు సరి సంఖ్యలో ఉంటే ముఖానికి నడిమి ముక్కే ఉండదు. అందుకే వెర్డెస్ తన ఆరు వరుసల క్యూబులో ఇంకో వరుసను లోపల దాచాడు. అలాంటివాటిలో స్క్రూ అందాలంటే పై ముక్కలు ఊడదీయాల్సిందే. నేను గ్రీజు రంధ్రం కూడా వదలకుండా మూతలు వెల్డింగు చేసేవాణ్ణి. చూడ్డానికి శుభ్రంగానే ఉండేవి, బేరింగు పట్టేస్తే మాత్రం కోసి తియ్యాల్సొచ్చేది. డ్రాయింగు గీసేటప్పుడే, రేపు రిపేరుకొచ్చేవాడి చెయ్యి ఎటునుంచి దూరుతుందో చూసుకోండి.