యుద్ధ పతకములు: వాని తయారీ భేదములు

కాప్రా సికిందరాబాదు దండునకు చేరువనున్న ఊరు. దాని ప్రక్కనే విశ్రాంత సైనికోద్యోగుల కొరకు సైనికపురి వెలసినది. కావున ఈ ప్రాంతపు ఇండ్లలో పాత పెట్టెల అడుగున ఒకటి రెండు యుద్ధ పతకము లుండుట వింత గాదు. అట్టి పతకము చేతికి వచ్చినప్పుడు, ఇది నిజమైనదా, ఎప్పుడు ఎట్లు చేయబడినది, ఎవరిది, అను మూడు ప్రశ్నలు పుట్టును. వీనికి లోహమే కొంతవరకు సమాధానము చెప్పును. ఎంతవరకు చెప్పునో, ఎక్కడ మౌనము వహించునో తెలిసికొనుటయే ఈ పాఠము.

మొదట తెలియదగినది అచ్చుకొట్టుటకును పోతపోయుటకును గల భేదము. ప్రభుత్వములు పతకములను సాధారణముగా ఉక్కు అచ్చుల నడుమ లోహపు బిళ్లనుంచి గొప్ప ఒత్తిడితో ముద్రించును. అందుచే అక్షరముల అంచులు పదునుగ నుండును. ఖాళీ నేల నున్నగ నుండును. నకలు చేయువాడు అసలు పతకమునుండి మూస తీసి కరిగిన లోహమును పోయును. లోహము చల్లారునప్పుడు కొంచెము కుంచించుకొనును గనుక పోతనకలు అసలుకంటె వెండ్రుకవాసి చిన్నదగును. భూతద్దముతో చూచిన గాలిబుడగల గుంటలు కనబడును. అక్షరములు మెత్తబడి యుండును. అంచున మూస అతుకు గీత యుండవచ్చును. అచ్చులో పగులు పుట్టినచో అది పతకముపై ఉబ్బెత్తు గీతగా దిగును. పనిజరిగిన కొలది పగులు పెరుగును. కావున గీత చిన్నదైన పతకము ముందుది, పెద్దదైనది తరువాతిది అని క్రమము కూడ తెలియును.

ఇక జర్మనీ దేశపు ఇనుపశిలువను చూతము. ఇది 1813 లో ప్రష్యా రాజు మూడవ ఫ్రెడెరిక్ విల్హెల్ము స్థాపించిన పతకము. 1914 లోను 1939 లోను మరల ప్రవేశపెట్టబడినది. ఇది ఒక్క ముక్క గాదు. నల్లరంగు పూసిన ఇనుపశిలువ నడుమ నుండగా, ముందు వెనుకల రెండు వెండిచట్రములు దానిని పొదివి అంచున టంకముతో అతుకబడును. కావున అంచును త్రిప్పి చూచిన అతుకు కనబడవలెను. చట్రము, నడిమిభాగము ఏకముగ పోసినదైనచో అది నకలే. నడిమిభాగము సూదంటురాయికి అంటవలెనని పలువురు చెప్పుదురు. ఇది మంచి పరీక్షయే గాని తుదితీర్పు గాదు. అయస్కాంతమున కంటని లోహముతో నడిమిభాగము చేసిన అసలు శిలువలును గలవు. 1939 నాటి తొలి శిలువలలో కొన్ని 1914 నాటి పాత కొలతల చట్రములతోనే చేయబడినందున వాని చేతులు కొంచెము సన్నముగ నుండును. ఒక్క గుర్తును పట్టుకొని తీర్పు చెప్పరాదని దీనివలన గ్రహింపవలెను.

ఈ శిలువలను చేసినది ఒక్క టంకశాల గాదు, పెక్కు కార్ఖానాలు. రిబ్బను దూర్చు వలయముపై గాని వెనుక పిన్నుపై గాని కార్ఖానా సంఖ్య చిన్నదిగ ముద్రింపబడి యుండవచ్చును. సర్కారు వారు ప్రదానము చేయుటకు చేయించినవానికి ఉత్తసంఖ్యలు, అంగళ్లలో విక్రయమునకు చేసినవానికి ఎల్ అక్షరము, గీత, సంఖ్య వాడుక. గుర్తు లేని అసలు పతకములును కలవు. లోహములో కూడ మార్పు కనబడును. యుద్ధము ముదిరి రాగి కొరత యేర్పడగా, మొదట రాగి మిశ్రమముతో చేసిన యుద్ధసేవా శిలువలు తరువాత తుత్తునాగముతో చేయబడినవి. ఒక రాజ్యపు సంపద తరిగిపోయిన కథ యిట్లు పతకపు బరువులోనే వ్రాయబడినది. ఈ పతకములు లక్షల నిర్దోషులను చంపిన ప్రభుత్వపు చిహ్నములను మోయుచున్నవి. వానిని పరీక్షించుట వేరు, గౌరవించుట వేరు. జర్మనీలో 1957 నాటి చట్టము స్వస్తిక చిహ్నము తొలగించిన రూపమున మాత్రమే వానిని ధరింప ననుమతించినది.

ఈ విషయము మన నగరమునకు దూరమైనదని తలపరాదు. హైదరాబాదు వాసియైన ఆబిద్ హసన్ సఫ్రానీ జర్మనీలో చదువుచుండి సుభాస్ చంద్ర బోసుగారికి సహచరుడై, 1943 ఫిబ్రవరిలో వారితో జలాంతర్గామిలో తూర్పునకు పయనమైనాడు. అంతకుముందు 1942 లో బోసుగారు జర్మనీలో ఆజాద్ హింద్ పతకములను నెలకొల్పిరి. షేరె హింద్, సర్దారె జంగ్, వీరె హింద్, షహీదె భారత్ అనునవి వానిలోనివి. యుద్ధరంగపు సాహసమునకు ఇచ్చినవానికి కత్తుల గుర్తు చేర్చబడెను. వీనిని చేసినది వియన్నా నగరపు రుడాల్ఫ్ సూవాల్ కార్ఖానా. ఆ కార్ఖానా యుద్ధకాలపు పతకములను యుద్ధానంతరము కూడ పాత అచ్చులతో ముద్రించి విక్రయించినది. ఇచ్చట మన పరీక్షకు చిక్కు వచ్చును. అచ్చు అదే, పదును అదే. మారినది కాలము మాత్రమే. లోహపు రంగు, పూత, పిన్నుల అమరిక కొంత చెప్పగలవు గాని, ఈ పతకము ఫలాని సైనికుని రొమ్ముపై నిలిచినదని చెప్పలేవు. దానికి కాగితము గాని, కుటుంబపు సాక్ష్యము గాని కావలెను.

మన ఇండ్లలోని పతకము లీ విషయమున అదృష్టవంతములు. 1914-20 యుద్ధపు బ్రిటిషు వార్ మెడలు అంచున సైనికుని సంఖ్య, హోదా, పేరు, దళము అచ్చువేయబడెను. 1916 జూలై 14 న ఫ్రాన్సులో హైవుడ్ వద్ద గుర్రములపై దాడిచేసిన 20వ దక్కన్ హార్సు దళమువారికిని, పాలస్తీనాలో పోరాడిన హైదరాబాదు లాన్సర్లకును గల గురుతు లిట్టివే. ఈ మెడలు సాధారణముగా వెండిది. కాని కూలిదళములలో మోతపనులు చేసిన ఇండియావారికిని చీనావారికిని మాల్టావారికిని పెక్కు కంచువి ఇయ్యబడినవి. లోహములోని యీ తేడా తయారీ తేడా మాత్రమే గాదు; మనుష్యుల నెంచిన తీరు కూడ. రెండవ ప్రపంచయుద్ధపు పతకములు ఇంగ్లాండు సైనికులకు పేరులేకయే ఇయ్యబడగా, ఇండియా సైనికులకు పేరు చెక్కి యిచ్చిరి. పాతపేరు అరగదీసి క్రొత్తపేరు వేసిన మోసము పట్టుకొనుటకు, అంచు చుట్టును నాలుగైదు చోట్ల అడ్డుకొలత తీయవలెను. గీచినచోట కొలత తగ్గును.

ఇట్టి పేళ్లు పెక్కు శాశ్వతముగ నశించినవి. 1980 జనవరిలో వెండి ధర ఔన్సుకు సుమారు 50 డాలర్లకు ఎగబ్రాకినప్పుడు, వెండి వార్ మెడళ్లు అనేకములు కరగింపబడినవి. కంసాలి త్రాసునకు అంచుననున్న పేరు తూగదు. చింతపండుతోను ముగ్గుపిండితోను తోముటయు మెల్లగ జరుగు కరగింపే. ప్రతి పండుగకు తోమిన పతకముపై అక్షరము లరిగిపోవును.

కావున, విద్యార్థులారా, మీ యింట పతక మున్నచో పెద్దల యనుమతితో దానిని మెత్తని గుడ్డపై నుంచి అంచును భూతద్దముతో చదువుడు. అడ్డుకొలతను, బరువును, లోహమును, అక్షరములను ఉన్నవి ఉన్నట్లు నోటుబుక్కులో వ్రాయుడు. అది ఎవరిదో అవ్వను అడిగి, ఆమె చెప్పినదానిని తేదీతో చేర్చుడు. తోమకుడు, పాత రిబ్బనును పారవేయకుడు, కాగితములను వేరుచేయకుడు. తలిదండ్రులకును మా విన్నప మొకటి: వెండికి వెల యెప్పుడును దొరకును, ఆ పేరు చెరిగిన పిదప మరల వ్రాయగలవా డెవడును లేడు.