ఆటలో ధర్మసందేహం

చదరంగంలో గుర్రం నడక గురించి ఎవరూ వాదులాడరు. గళ్ళు 64, పావులు 32, వాటి నడకలు ముందే నిర్ణయమై ఉన్నాయి. కానీ ఒక ఆటగాడు "మండుతున్న దివిటీని ఆ నూనె పీపాలోకి విసురుతాను" అన్నాడనుకుందాం. పీపాకు మూత ఉన్నదా? అంతదూరం దివిటీ చేరుతుందా? చేరితే మంట ఎంతమేరకు వ్యాపిస్తుంది? బల్ల మీద చూస్తే పీపా లేదు, దివిటీ లేదు. ఉన్నవి కొన్ని కాగితాలు, కొన్ని పాచికలు, నలుగురి మాటలు. అయినా సమాధానం కావాలి. ఆ సమాధానం అందరికీ న్యాయమనిపించాలి.

ఇటువంటి ఆటలను ఆంగ్లంలో రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. మనం పాత్రధారణ క్రీడలు అనవచ్చు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. వారిలో ఒకరు నిర్వాహకుడు. కోటలను, అడవులను, అక్కడి రాక్షసులను వర్ణించేది అతడే. శత్రువుల తరఫున మాట్లాడేదీ అతడే. మిగిలినవారు తలా ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర ఏమి చేయదలచినదీ నోటితో చెబుతారు. ఫలితం సందిగ్ధమైన చోట పాచిక వేస్తారు. గెలుపు ఓటములు లేవు. కథ సాగినంతకాలం ఆట సాగుతుంది. వారానికొకసారి కూర్చుని సంవత్సరాల తరబడి ఒకే కథను ఆడేవారున్నారు.

ఈ క్రీడల మూలం యుద్ధశిక్షణలో ఉండడం విశేషం. 1812లో ప్రష్యా దేశంలో రైస్విట్జ్ అనే ప్రభువు ఒక యుద్ధక్రీడను రూపొందించి రాజుకు సమర్పించాడు. దానిని అతని కుమారుడు సంస్కరించి 1824లో ప్రకటించగా సైన్యం స్వీకరించింది. ఇరుపక్షాల అధికారులు పటం మీద సేనలను నడుపుతారు. వారి మధ్య ఒక మధ్యవర్తి పాచికలు వేసి, పట్టికలు చూసి, ఎవరికి ఎంత నష్టం వాటిల్లిందో తేలుస్తాడు. పట్టికల భారం పెరిగి ఆట నత్తనడక నడిచింది. 1876లో వెర్డీ దు వెర్నోయిస్ అనే సేనాని, అనుభవజ్ఞుడైన మధ్యవర్తి విచక్షణే చాలు, ఇన్ని నియమాలు అక్కరలేదు అని వాదించాడు. నియమం గొప్పదా, నిర్ణేత గొప్పవాడా అన్న తగవు అప్పటిది. నేటికీ తీరలేదు.

అమెరికాలో 1969లో డేవిడ్ వెస్లీ అనే యువకుడు ఈ యుద్ధక్రీడలో ఒక మార్పు చేశాడు. ఆటగాళ్ళలో కొందరికి సేనలకు బదులు ఒక్కొక్క మనిషిని అప్పగించాడు. అతని మిత్రుడు డేవ్ ఆర్నెసన్ ఆ పద్ధతిని మాయామంత్రాల లోకంలోకి తీసుకువెళ్ళాడు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరిలో ఉండే గ్యారీ గైగాక్స్‌తో కలిసి ఆర్నెసన్ 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను వెలువరించాడు. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. మొదటి ముద్రణ 1,000 ప్రతులు.

ఆ పుస్తకాలు అంత సుబోధకాలు కావు. పాఠకులకు యుద్ధక్రీడలు ముందే తెలుసునన్న ధీమాతో రాసినవి. కొన్నవారికి అడుగడుగునా సందేహాలే. వ్యాఖ్యానం లేని సూత్రగ్రంథం చేతికందితే కొత్త విద్యార్థి స్థితి ఎట్లా ఉంటుందో ఊహించండి. 1979లో 'డ్రాగన్' పత్రికలో సందేహాలకు సమాధానాలిచ్చే శీర్షిక మొదలైంది. మొదట దానిని నిర్వహించినది జీన్ వెల్స్ అనే యువతి. సూత్రం వెంట భాష్యం రావడం శాస్త్రాలకే పరిమితం కాదన్నమాట.

ఇక పాత్ర నిర్మాణం. ప్రతి పాత్రకూ ఆరు గుణాలు: బలం, లాఘవం, దేహదార్ఢ్యం, బుద్ధి, వివేకం, ఆకర్షణ. బుద్ధిని, వివేకాన్ని వేరుచేయడం నాకు నచ్చిన సంగతి. శాస్త్రాలన్నీ చదివి, ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడని గుర్తించలేని పండితులు మనకు తెలియనివారు కారు. మొదటి ఆటలో ఒక్కొక్క గుణానికి మూడు పాచికలు వేసి వచ్చిన మొత్తాన్ని వరుసగా రాసుకోవలసిందే. మూడు పాచికలు 216 విధాలుగా పడగలవు. 18 రావడానికి ఉన్నది ఒకే ఒక విధం. సుమారు సగం సార్లు 9కీ 12కీ మధ్యనే అంకె పడుతుంది. కండబలం లేని యోధుడు, మందబుద్ధి అయిన మాంత్రికుడు తయారైనా ఆటగాడు చేయగలిగింది స్వల్పం. పుట్టుక మన చేతిలో లేదు కదా అని సరిపెట్టుకోవాలి.

తరువాతి తరాలు అందుకు ఒప్పుకోలేదు. నాలుగు పాచికలు వేసి తక్కువదాన్ని వదిలివేయడం ఒక సవరణ. పాచికను పూర్తిగా పక్కనపెట్టి, గుణాలను కొనుక్కోవడం మరొకటి. 2014లో వచ్చిన అయిదవ కూర్పులో ఈ బేరం స్పష్టంగా ఉంది. ప్రతి గుణమూ 8 దగ్గర మొదలవుతుంది. ఆటగాడి చేతిలో 27 పాయింట్లుంటాయి. 13 వరకు ఒక్కొక్క మెట్టుకూ ఒక పాయింటు, ఆ పైన 14కూ 15కూ మెట్టుకు రెండేసి. 15ను మించి కొనరాదు. మూడు గుణాలను 15కు పెంచితే 27 పాయింట్లూ ఖర్చయి, మిగిలిన మూడూ 8 దగ్గరే ఉండిపోతాయి. అన్నింటా మేటి అయిన పాత్రను ఈ లెక్కలో సృష్టించలేరు.

ఇక్కడే ఆటగాళ్ళలో రెండు వర్గాలు కనిపిస్తాయి. ఒక వర్గం పుస్తకాలన్నీ గాలించి, ఏ వృత్తికి ఏ గుణం ఎంత ఉంటే లాభమో లెక్కగట్టి, అత్యంత శక్తిమంతమైన పాత్రను తయారుచేస్తుంది. రెండవ వర్గం దానిని బేహారితనమని ఈసడించి, పాత్రకు కథ ముఖ్యం, అంకెలు కావు అంటుంది. రెండవ వర్గంవారి ఈసడింపుతో నేను ఏకీభవించను. లెక్క తెలిసినవాడు నటించలేడన్న నియమమేదీ లేదు. ఛందస్సు బాగా తెలిసినంత మాత్రాన కవిత్వం చెడదు. అయితే మొదటి వర్గంవారు తాము ఏమి కొంటున్నారో కూడా చూసుకోవాలి. ఆటలో పనులను 20 ముఖాల పాచికతో తేలుస్తారు. గుణం 15 ఉంటే పాచికకు 2 కలుస్తుంది. 8 ఉంటే 1 తగ్గుతుంది. రెంటికీ తేడా మూడు. అంటే నూటికి పదిహేను పాళ్ళు. రాత్రంతా కూర్చుని చేసిన లెక్కల ఫలం అంతే. మిగిలినదంతా పాచిక చలవ, లేదా ఆటగాడి తెలివి.

నా దృష్టిలో పాత్రకు ప్రాణం ఆ 8 లోనే ఉంది. వివేకం 8 ఉన్న యోధుడు మూసి ఉన్న ప్రతి తలుపునూ తోస్తాడు. ఆకర్షణ 8 ఉన్న మాంత్రికుడు రాజుగారి ఎదుట నోరు విప్పితే మిత్రులు తలలు పట్టుకుంటారు. ఏళ్ళ తరువాత ఆటగాళ్ళు చెప్పుకుని నవ్వుకునేవి ఆ సంఘటనలే. ధర్మరాజును తలచుకోండి. సత్యం, శాంతం, క్షమ అన్నీ ఉన్నవాడు. జూదం పిలుపును కాదనలేడు. ఆ ఒక్క బలహీనత లేకపోతే భారతకథ సభామధ్యంలోనే ఆగిపోయేది.

పాత్ర సిద్ధమైన తరువాత నియమాలతో పని పడుతుంది. మీరు సంధులు చదివినప్పుడు నియమాల తారతమ్యాన్ని గమనించే ఉంటారు. ఉత్వసంధి నిత్యం, ఏమ్యాదుల ఇత్వసంధి వైకల్పికం, అత్వసంధి బహుళం. ఎక్కడ తప్పనిసరి, ఎక్కడ ఐచ్ఛికం అన్నది వ్యాకర్తే చెప్పాడు. సామాన్య విధికి విరుద్ధంగా విశేష విధి కనిపిస్తే విశేషానిదే పైచేయి అన్నది మన శాస్త్రకారుల పద్ధతి. అయిదవ కూర్పు కూడా సరిగ్గా ఇదే సూత్రాన్ని తన నియమాలకు తలమానికంగా పెట్టుకుంది. సందేహాలలో చాలాభాగం దీనితోనే తీరిపోతాయి.

తీరనివీ ఉన్నాయి. ఆటగాళ్ళ మధ్య ప్రసిద్ధి పొందిన ఒక చమత్కారం చూడండి. యుద్ధంలో ఒక చుట్టు ఆరు సెకన్లు. ఆ చుట్టులో ఎవరైనా ఒక పనికి సిద్ధంగా నిలిచి, అదను రాగానే చేయవచ్చు. ఇప్పుడు 2,000 మంది పల్లెజనాన్ని అయిదేసి అడుగుల ఎడంలో వరుసగా నిలబెట్టి, పక్కవాడు అందించిన ఈటెను అందుకుని అవతలివాడికి అందించండి అని చెబుదాం. అక్షరార్థం తీసుకుంటే ఈటె ఆరు సెకన్లలో 10,000 అడుగులు, అంటే సుమారు మూడు కిలోమీటర్లు ప్రయాణించింది. ధ్వనిని మించిన వేగం! చివరివాడు విసిరితే కోట గోడ కూలాలి కదా అని ఆటగాడి వాదన.

వాదన ముచ్చటగా ఉంది, నిలవదు. ఈటె చేతులు మారేదాకా అతడు నియమాన్ని పట్టుకున్నాడు. విసిరే సమయానికి నియమాన్ని వదిలి భౌతికశాస్త్రాన్ని పట్టుకున్నాడు. నియమం ప్రకారం విసిరిన ఈటె దెబ్బకు ఒక పాచిక నిర్ణయమై ఉంది. అందులో వేగం ప్రసక్తి లేదు. భౌతికశాస్త్రమే ప్రమాణమంటారా, ఆరు సెకన్లలో అన్ని చేతులు మారడం అసంభవం. కోడిలో సగం వండుకుని, సగం గుడ్ల కోసం ఉంచుకుంటాననడాన్ని మన పెద్దలు అర్ధకుక్కుటీ న్యాయం అన్నారు. ఈ వాదన అచ్చంగా అదే. 2024లో సవరించిన నిర్వాహకుల గ్రంథంలో, ఆట నియమాలు భౌతికశాస్త్రం కావని చెబుతూ ఈ ఈటె కథనే ఉదాహరించారు.

అన్ని సందేహాలూ ఇంత వినోదంగా ఉండవు. ఓర్క్ అనే జాతికి చెందిన ఒక యోధుడున్నాడు. అతని ప్రాణబలం నిండుగా ఉంటే 44. గాయాలతో ఇప్పుడు 6కు తగ్గింది. ఎర్ర డ్రాగన్ నిప్పులు కక్కింది. నిర్వాహకుడు 16 పాచికలు వేశాడు. సామాన్య నియమం: ప్రాణబలం సున్న అయితే పాత్ర మూర్ఛపోతుంది. ఓర్కులకు విశేషం: ఒక దీర్ఘవిశ్రాంతికీ మరొకదానికీ నడుమ ఒక్కసారి సున్నకు పడకుండా 1 దగ్గర నిలదొక్కుకోవచ్చు. కానీ ఆ విశేషంలోనే ఒక మినహాయింపు ఉంది. దెబ్బకు తక్షణ మరణం సంభవిస్తే అది పనిచేయదు. సున్న అయిన పిమ్మట మిగిలిన దెబ్బ నిండు ప్రాణబలంతో సమానమైనా, మించినా అది తక్షణ మరణం. మొత్తం 49 వస్తే మిగిలేది 43. యోధుడు రక్తసిక్తుడై నిలుస్తాడు. 50 వస్తే మిగిలేది 44. మరణిస్తాడు.

పాచికల మొత్తం 50.

రెండేళ్ళుగా ఆ పాత్రను పెంచుకున్నవాడు వెంటనే ఊరుకోడు. పుస్తకం తిరగేస్తాడు. "ఓర్కు శక్తి ముందు పనిచేసి, తరువాత కదా మరణం లెక్కించాలి?" అంటాడు. పుస్తకంలోని మాట అతనికి అనుకూలంగా లేదు. నిర్వాహకుడికి జాలి ఉండవచ్చు. ఒక పాచికను చూడనట్లు నటించనూవచ్చు. కానీ క్రితం నెలలో మరొకరి పాత్ర ఇటువంటి దెబ్బకే పోయి ఉంటే, ఆ మిత్రుడు బల్లకు ఆవలి వైపున మౌనంగా చూస్తూ ఉంటాడు. ఇవాళ్టి తీర్పు అతనికీ జవాబు చెప్పాలి.

ఇటువంటి వేళ నిర్ణేత మాట్లాడకపోవడం అన్నింటికన్నా కీడు. కురుసభలో ద్రౌపది అడిగినది కూడా ఆట నియమానికి సంబంధించిన ప్రశ్నే. తన్ను తాను ఓడిపోయినవాడికి మరొకరిని పణంగా పెట్టే అధికారం ఉంటుందా అని. వికర్ణుడు ఆమె పక్షాన హేతువులు చూపాడు. కర్ణుడు ఖండించాడు. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని తేల్చక విడిచాడు. అందుకే ఆట నడిపేవారిలో అనుభవజ్ఞులు ఒక పద్ధతి పాటిస్తారు. సందేహం రాగానే అయిదు నిమిషాలకు మించకుండా ఇరుపక్షాలూ విని, కారణం చెప్పి, అక్కడికక్కడే తీర్పు ఇస్తారు. ఆట ముగిశాక తీరికగా పుస్తకం చూసి, పొరపాటు తేలితే వచ్చేవారం నుంచి సవరించుకుంటారు. ఇచ్చిన తీర్పును ఒక కాగితం మీద రాసి ఉంచుతారు.

మన యోధుడి విషయంలో నిర్వాహకుడు పుస్తకం పక్షానే నిలిచాడనుకుందాం. పాత్ర మరణించింది. అప్పుడు ఇంతవరకు మాట్లాడని నాలుగవ ఆటగాడు, పురోహిత పాత్రధారి, తన కాగితం తీస్తాడు. 300 బంగారు నాణేల విలువగల వజ్రాలు ఖర్చుచేస్తే, నిమిషంలోపు మరణించినవారిని లేపగల మంత్రం అతని దగ్గర ఉంది. నిమిషమంటే పది చుట్లు. వజ్రాలు మాత్రం చనిపోయిన యోధుడి సంచిలో ఉన్నాయి, యోధుడు డ్రాగన్ కాళ్ళ దగ్గర పడి ఉన్నాడు. పది చుట్ల లెక్క మంట తగిలిన క్షణం నుంచా, ఆ చుట్టు ముగిసినప్పటి నుంచా అని పురోహితుడు అడిగాడు. నిర్వాహకుడు మళ్ళీ పుస్తకం తెరిచాడు.