గద్దర్: గొంగడి నుండి పురస్కారము వరకు

2025 జూన్ 14న హైదరాబాదు హైటెక్స్ ప్రాంగణములో తెలంగాణ ప్రభుత్వము చలనచిత్ర పురస్కారములను ప్రదానము చేసినది. వాటికి పెట్టిన పేరు గద్దర్. 1985 నుండి 1990 వరకు అజ్ఞాతవాసము గడిపిన పాటగాని పేరు, 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటి నుండి అద్దాల మేడలతో నిండిన ఈ ప్రాంతములో, ప్రభుత్వ వేదికపై వినబడినది. ఆయన కళలో మనకు మిగిలిన వారసత్వమేమో ఈ సందర్భమున పరిశీలింతము.

ముందుగా పేరును గూర్చి. ఉర్దూ చదివిన మన విద్యార్థులకు ఇచట ఒక చిక్కు తోచును. ‘గదర్’ అనగా తిరుగుబాటు. ‘గద్దార్’ అనగా ద్రోహి. తూప్రాన్‌లో జన్మించిన గుమ్మడి విఠల్ రావు స్వాతంత్ర్యోద్యమ కాలపు గదర్ పార్టీని స్మరించి ఈ పేరు స్వీకరించినారు. తెలుగు నోట అది ద్విత్వము పొందినది. కావున మొదటి అర్థమే గ్రాహ్యము.

1972లో ఏర్పడిన జననాట్యమండలి ద్వారా ఆయన ఊరూరా ఆడి పాడినారు. నడుమున పంచె, భుజమున గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేత కర్ర: ఇవియే ఆయన రంగాలంకరణ. జనము ఎరిగిన జానపద బాణీని తీసికొని, అందులో కూలివాని కష్టమును పొదిగి, వంతపాడువారు అందుకొనుటకు వీలుగా చరణమును చిన్నదిగా కూర్చుట ఆయన పద్ధతి. పాట నడుమ మాట, మాట నడుమ ఆట. చూచువాడు త్వరలోనే పాడువాడగును.

ఈ కళ వెండితెరకు ఎక్కిన ఘట్టము ‘మా భూమి’. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా, వంగదేశీయుడైన గౌతమ్ ఘోష్ దర్శకుడుగా 1980లో విడుదలైన ఈ చిత్రమునకు ఆధారము కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. నైజాము పాలనను నిలదీయు బండి యాదగిరి పాటను గద్దర్ ఇందులో తెరపై కనిపించి పాడినారు. తెలంగాణ రైతు గాథ ఉర్దూలో నవలయై, వంగ దర్శకుని చేతిలో తెలుగు చిత్రమైనది. రెండు భాషలు చదువుకొను మన కళాశాలకు ఇంతకన్న దగ్గరి పాఠము అరుదు.

ఆయన నమ్మిన సాయుధ మార్గమును అందరూ అంగీకరింపలేదు. ఆయనయు ఒకే చోట నిలువలేదు; 2018లో తొలిసారి ఓటు వేసినారు. 2023 ఆగస్టు 6న కన్నుమూసినారు. ఆ మార్గమును కాదనువారు సైతము ఆయన పాట లేవనెత్తిన ప్రశ్నను దాటి పోలేరు. ఈ మేడలకు రాళ్లెత్తిన వారిలో పాలమూరు వలస కూలీలు గలరు. వారి బ్రతుకు పాట ఏది?

పేరు మాత్రము నిలిపి పాటను మరచినచో పురస్కారము సమాధి ఫలకము వంటిదగును. మన విద్యార్థులలో కొందరు రేపు ఆ మేడలలోనే ఉద్యోగము చేయుదురు. అంతకు ముందే ‘మా భూమి’ని చూడవలెను, ఉర్దూ విద్యార్థి నవలను చదివి తెలుగు విద్యార్థికి కథ చెప్పవలెను, తెలుగు విద్యార్థి పాటకు అర్థము చెప్పవలెను. రాబోవు సంవత్సరము కళాశాల సంఘమువారు ఈ చిత్రమును ఒక సాయంత్రము ప్రదర్శింపజేయుదురని ఆశింతుము.