పిల్లలు వింత చేప అడిగినప్పుడు

అక్వేరియం దుకాణానికి వెళ్లిన పిల్లలు గప్పీల దగ్గరా మోలీల దగ్గరా ఎక్కువసేపు నిలబడరు. వరసగా పేర్చిన తొట్లన్నీ దాటుకుంటూ వెళ్లి, ఎక్కడో మూలనున్న విచిత్రమైన ప్రాణి ముందు ఆగిపోతారు. మా అమ్మాయి ఎనిమిదేళ్లప్పుడు అలాగే ఆగింది. వెండి రంగు ఒళ్లు, వీపు మీద నిటారుగా లేచిన రెక్క, క్షణం కుదురులేని ఈత. దుకాణంలో దాన్ని 'షార్క్' అన్నారు. "అమ్మా, ఇదే కావాలి" అంది. వేలెడంతే ఉంది కదా అని రెండు కొన్నాను.

ఆరు నెలలకి అవి జానెడు దాటాయి. లైటు వేసినా, పక్కనుంచి ఎవరైనా నడిచినా బెదిరిపోయి గాజుకి కొట్టుకునేవి. మూతులు పుండ్లయ్యాయి. అప్పుడు వాకబు చేస్తే తెలిసింది, అది పంగాసియస్ అని. కైకలూరు వైపు చెరువుల్లో పెంచి లారీలకెత్తే చేప. మెకాంగ్ నదిలో గుంపులుగా దూరాలు ఈదే, మీటరు పొడవు దాటగల జీవిని మూడడుగుల గాజుపెట్టెలో పెట్టాం. చివరికి పెద్ద సిమెంటు తొట్టి ఉన్న ఒకాయన వచ్చి తీసుకెళ్లారు. ఆ సాయంత్రం మా అమ్మాయి ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది. దాని తప్పేం లేదు. ఇది ఎదిగితే ఎంతవుతుంది అని అడగాల్సింది నేను.

మీ పిల్లలు వింత చేప అడిగితే కాదనకండి. అందరిళ్లలో ఉండే గోల్డ్‌ఫిష్‌తో సరిపెట్టేయకండి కూడా. గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్లు కోరుతుంది, బాగా మురికి చేస్తుంది, ఏళ్లతరబడి పెరుగుతుంది. అది సులువైన చేపన్నది అపోహ. పిల్లల ఆసక్తిని ఇంట్లో పట్టే వింత వైపు, ఒకదానితో ఒకటి పొత్తు కుదిరే వింత వైపు మళ్లించడమే మనం చేయాల్సింది.

ముందు తొట్టి సంగతి. మధ్యరకం అంటే నా లెక్కలో మూడడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంచుదాకా నింపితే సుమారు 160 లీటర్లు పడతాయి. ఇసుకా రాళ్లూ వేసి పైన నాలుగు వేళ్లు ఖాళీ వదిలితే 130 దగ్గర ఆగుతాయి. గాజు, స్టాండు అన్నీ కలిపి రెండు క్వింటాళ్ల బరువు, కాబట్టి పుస్తకాల బీరువా పక్కన ఊగిసలాడే బల్ల మీద పెట్టకండి. ఎండ నేరుగా పడే కిటికీ దగ్గరా వద్దు. ఇంతటి తొట్టిలో, ఎదిగాక నాలుగంగుళాలు మించని చేపలే హాయిగా బతుకుతాయి. ఈ ఒక్క గీత గీసుకుంటే దుకాణంలో సగం ప్రలోభాలు వాటంతటవే తొలగిపోతాయి. ఎర్రపొట్ట పాకు అని అమ్మేది మన చేపల బజారులో దొరికే రూప్‌చందే. వాస్తుకి మంచిదని చెప్పే అరోవానా రెండడుగులు దాటుతుంది. బొమ్మిడాయి బంధువైన పీకాక్ ఈల్ చూడముచ్చటగా ఉంటుంది కానీ అడుగు దాకా సాగి, నోట్లో పట్టే చేపల్ని మింగేస్తుంది. గాజు శుభ్రం చేస్తుందని అంటగట్టే సక్కర్ అడుగున్నర అవుతుంది. అలా పెరిగాక భరించలేక చెరువుల్లో వదిలేసిన సక్కర్లే ఇప్పుడు మన నీళ్లలో పిల్లలు పెట్టి, వలలు చింపి, జాలర్ల చేత దెయ్యం చేప అనిపించుకుంటున్నాయి. ఏ చేపనైనా సరే, చెరువులోకో కాలవలోకో వదలడం దయ కాదని పిల్లలకి మొదటి రోజే చెప్పండి.

చిన్నదైతే చాలు, కలిసిపోతుందనుకోవడమూ పొరపాటే. కేరళ, కర్ణాటక వాగుల్లో పుట్టిన పీ పఫర్ బొటనవేలి గోరంత ఉంటుంది, గుండ్రటి కళ్లు అటూ ఇటూ తిప్పుతూ చూస్తుంది. పిల్లలు దాన్ని వదలరు. కానీ అది పక్క చేపల రెక్కలు కొరుకుతుంది. దానికి వేరే తొట్టి ఉండాల్సిందే. టైగర్ బార్బ్ కూడా అంతే, పొడుగు రెక్కలున్న ఏంజెల్‌ని పీక్కు తింటుంది. ఆ ఏంజెల్ ఎదిగాక నియాన్ టెట్రాల్ని మింగుతుంది. ఫైటర్‌నీ గౌరామీనీ ఒకచోట పెడితే దాయాదుల పోరు.

పోట్లాట కంటికి కనబడుతుంది కాబట్టి దాన్ని అందరూ జాగ్రత్తగానే చూస్తారు. కనబడనిది తినే వేగం. జీబ్రా డానియో చాలా మంచి చేప, ఎవరినీ కరవదు. కానీ మేత పడగానే మెరుపులా వచ్చి మొత్తం ఊడ్చేస్తుంది. నెమ్మదిగా, అనుమానంగా, రెండుసార్లు ఆలోచించి తినే చేప దాని పక్కన రోజురోజుకీ చిక్కిపోతుంది. దెబ్బ ఉండదు, రోగం కనిపించదు. రెండు నెలలకి ఒక పొద్దున తేలుతుంది. పిల్లాడు "ఎందుకు చచ్చిపోయింది?" అని అడిగితే మన దగ్గర జవాబుండదు. వింత చేపల్లో చాలావాటిది ఈ నెమ్మది స్వభావమే. అందుకని నా మాట వింటే, హడావుడి చేపలన్నీ ఒక తొట్టికి, నిదానపు చేపలన్నీ ఇంకో తొట్టికి. మూడడుగుల తొట్టి ఒకటే ఉంటే నిదానానికే ఓటు వేయండి.

మా ఇంట్లో కుదిరిన పొత్తు చెబుతాను. పైన హనీ గౌరామీలు, మధ్యలో గాజు చేపలు, అడుగున కూలీ లోచ్‌లు, మూలన ఒకే ఒక్క బాడిస్.

హనీ గౌరామీ రెండంగుళాల చేప. పొట్ట కింద దారాల్లాంటి రెండు రెక్కలుంటాయి. చీకట్లో మనం చేత్తో తడుముకున్నట్టు ఆ దారాలతో ఆకుల్నీ తోటి చేపల్నీ తాకి చూస్తుంది. కొర్రమీనుకి ఉన్నట్టే దీనికీ పైకొచ్చి గాలి పీల్చే శక్తి ఉంది. అందుకే నీటికీ మూతకీ మధ్య ఖాళీ వదలమన్నాను. మగది ఇష్టపడ్డ రోజున తేనె రంగుకి తిరిగి, గొంతు కింద నల్లటి నీలం పులుముకుని, నీటి మీద బుడగలతో గూడు కడుతుంది. మగది ఒకటి, ఆడవి రెండు చాలు.

గాజు చేప ఒంట్లోంచి అవతలి మొక్క కనిపిస్తుంది. వెన్నెముక, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. మన కాలవల్లో, చెరువుల్లో ఉండేదే ఇది. ఆరింటికి తగ్గకుండా పెంచాలి, ఒంటరిగా ఉంటే బెదిరి మూలకి నక్కుతుంది. ఒక్కటి మాత్రం ఖచ్చితంగా చెప్పాలి. దుకాణంలో ఒంటి మీద గులాబీ, పచ్చ గీతలున్న గాజు చేపలు కనిపిస్తే కొనకండి. అది పుట్టుకతో వచ్చిన రంగు కాదు, సూదితో ఎక్కించింది. కొన్నాళ్లకి రంగు పోతుంది, ఈలోపే చాలా చేపలు పుళ్లు పడి పోతాయి. ఎందుకు కొనట్లేదో పిల్లలకి ఆ తొట్టి ముందే నిలబడి చెప్పండి.

కూలీ లోచ్‌ని చూస్తే చిన్న పాముపిల్ల అనుకుంటారు. పసుపు మీద ముదురు గోధుమ పట్టీలు, నోటి చుట్టూ మీసాలు. ఆగ్నేయాసియా వాగుల చేప. పేరు విని పిల్లలు అడుగుతారు, కూలీ పనికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. 1821లో జావాలో చిన్న వయసులోనే చనిపోయిన జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త హైన్రిక్ కూల్ పేరు దీనికి పెట్టారు. గరుకు గులకరాళ్లు దీని మీసాల్ని అరగదీస్తాయి కనుక అడుగున సన్నటి ఇసుకే వేయాలి. ఫిల్టర్ గొట్టంలోకి దూరకుండా గొట్టం మూతికి స్పాంజ్ తొడగాలి. ఇదీ ఆరుకి తగ్గకూడదు. బాగా చూసుకుంటే పదేళ్లు బతకగలదు. ఈ సంగతి కొనకముందే పిల్లలకి తెలియాలి, మనకి మరీ తెలియాలి: నాలుగో తరగతిలో కొన్న చేపని వాళ్లు ఇంజనీరింగ్‌కి వెళ్లాక మేపేది మనమే.

బాడిస్‌ది ఊసరవెల్లి తత్వం. ఇప్పుడు ముదురు నీలం, తల తిప్పి చూసేలోగా పాలిపోయిన గోధుమ, కోపం వస్తే చారలు. రెండంగుళాల ఈ చేపకి సొంత ఇల్లు కావాలి. ఉడకబెట్టి పీచు గీకిన కొబ్బరి చిప్పకి చిన్న గుమ్మం కోసి బోర్లించండి, అందులోనే కాపురం. రెండు మగవి పెడితే కొట్టుకుంటాయి కనుక ఒక్కటే చాలు.

ఈ నాలుగింట్లో కూలీ తప్ప మూడూ మన దేశపువే. ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద 1822లో వేసిన పుస్తకంలోనే మూడింటి వర్ణనలూ ఉన్నాయి. రెండు వందల ఏళ్ల కిందటే పుస్తకానికెక్కిన మన చేపలు ఇవాళ మన పిల్లలకి విదేశీ వింతల్లా కనిపిస్తున్నాయంటే నాకు బాధే.

ఒక ఇబ్బంది ముందే చెప్పేస్తాను. బాడిస్, గాజు చేప పొడి మేతని తొందరగా ముట్టవు. గడ్డకట్టించిన బ్లడ్ వార్మ్, ఆర్టీమియా లాంటివి ఫ్రిజ్‌లో ఉంచాలి. శాకాహారుల ఇంట్లో పెద్దవాళ్లకి అది కష్టంగా ఉండొచ్చు, ఆ కష్టం న్యాయమైనదే. అలాంటప్పుడు ఆ రెండూ మానేసి గౌరామీలతో, కూలీలతో ఆగండి. అవి గుళికలు తింటాయి. ఆ తొట్టీ తక్కువేం కాదు.

కొనేటప్పుడు "ఒకసారి మేత వేసి చూపించండి" అని దుకాణంలో అడగండి. ఇలాంటి చేపలు ఎక్కువగా కోల్‌కతా మీదుగా ప్యాకెట్లలో ప్రయాణం చేసి వస్తాయి. దిగిన రోజునే కొనకుండా రెండు వారాలు ఆగి, తింటున్నవాటినే, పొట్ట లోపలికి పోనివాటినే ఎంచుకోండి.

ఇక అన్నిటికంటే కష్టమైనది, ఖాళీ తొట్టిని నెలకి పైగా అలా ఉంచడం. తొట్టి కొన్న రోజునే చేపల్ని వేస్తే, వాటి వ్యర్థాల్లోంచి పుట్టే అమ్మోనియా వాటినే చంపుతుంది. అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని అంత హాని చేయని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టర్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పిల్లలకి పెరుగు చూపించి చెప్పండి. పాలు తోడుకున్నట్టే నీళ్లు కూడా తోడుకోవాలి. తోడు కావాలంటే, చేపలు ఆరోగ్యంగా ఉన్న స్నేహితుల ఇంటి ఫిల్టర్‌లోంచి పాత స్పాంజ్ ముక్క అడిగి తెచ్చుకోండి, త్వరగా తోడుకుంటుంది. చిటికెడు మేత రోజూ వేస్తూ ఉంటే ఆ జీవులకి ఆహారం. పరీక్ష కిట్‌తో వారానికోసారి చుక్కలు వేసి రంగు చూసే పని పిల్లలకే ఇవ్వండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తూ, నైట్రేట్ కనిపించినప్పుడే మళ్లీ దుకాణానికి. అప్పుడు కూడా ముందు గౌరామీలు, రెండు మూడు వారాలకి గాజు చేపలు, ఆ తర్వాత కూలీలు. బాడిస్ ఆఖరున, ముందొస్తే తొట్టి అంతా తనదే అనుకుంటుంది.

మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ విరుగుడు చుక్కలు తప్పనిసరి. బోరు నీళ్లయితే టీడీఎస్ మీటరు పెట్టి చూడండి. మూడు నాలుగు వందల్లో ఉంటే బెంగలేదు. వెయ్యి దాటితే సగం ఆర్‌ఓ నీళ్లు కలపండి. వారానికోసారి పావు వంతు నీళ్లు తీసి కొత్తవి పోయాలి. తీసిన నీళ్లు బాల్కనీలో గులాబీ కుండీకి పోస్తే కొత్త చిగుళ్లు వేస్తుంది. మే నెలలో మూత తీసి సన్నటి వల కప్పి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కరెంటు పోతే అక్కరకొచ్చేలా బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి దగ్గర పెట్టుకోండి.

మేత వేసే హక్కు ఒక్కరికే ఉండాలి. అన్న వేసి, చెల్లి వేసి, వచ్చిన చుట్టాల పిల్లలు వేస్తే నీళ్లు కుళ్లిపోతాయి. రెండు నిమిషాల్లో తినేసేంత, రోజుకి ఒకటి రెండుసార్లు. వారానికో రోజు పస్తు పెట్టినా ఏం కాదు.

ఎంత చూసుకున్నా ఏదో ఒక రోజు ఒక చేప పోతుంది. పిల్లలు బడికెళ్లాక గుట్టుగా తీసేసి అలాంటిదే ఇంకోటి తెచ్చి వేయాలనిపిస్తుంది. అలా చేయకండి. ఆరు చేపల్ని రోజూ చూసిన కళ్లకి తేడా తెలిసిపోతుంది. మీరూ పిల్లలూ కలిసి నీళ్లు పరీక్షించండి, మిగతావి ఎలా ఉన్నాయో చూడండి, కారణం దొరికితే చెప్పండి, దొరక్కపోతే దొరకలేదనే చెప్పండి. గులాబీ కుండీలో లోతుగా పాతిపెట్టండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

కూలీలు పగలంతా రాళ్ల కిందే ఉంటాయి. మొదటి వారం మా అమ్మాయి "అవి లేవమ్మా, మోసపోయాం" అని నిష్ఠూరమాడింది. అప్పుడు టార్చ్‌కి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మడతలు చుట్టి ఇచ్చాను. మసక ఎర్ర వెలుగుకి అవి అంతగా బెదరవు. రాత్రి భోజనాలయ్యాక గదిలో లైట్లన్నీ ఆర్పి, తొట్టి ముందు నేల మీద కూర్చుని అరగంట కదలకుండా ఎదురుచూశాం. ముందు మీసాలు వచ్చాయి. తర్వాత ఒక పట్టీల ఒళ్లు ఇసుక మీదికి జారింది, దాని వెనకే ఇంకోటి. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని గుసగుసగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అయిదు దాకా వచ్చి ఆగింది. ఆరోది కొబ్బరి చిప్ప గుమ్మంలోంచి తల బయటపెట్టింది.