లంకమల కలివికోడి - భూతదయ

ధర్మమునకు దయయే మూలమని బసవేశ్వరుడు బోధించెను. ఆ దయ సకల ప్రాణులకును చెందవలెనని ఆయన యాశయము. సకల ప్రాణులనగా దొడ్డిలోని ఆవు, ముంగిట గింజలేరుకొను పిచ్చుక మాత్రమే కాదు. ఎన్నడును మన కంటబడనివియు నందు చేరును. కంటబడని ప్రాణిపై దయ చూపుటెట్లు? కడప జిల్లాలోని లంకమల యడవి కథ ఇందుకు కొంత సమాధానము చెప్పగలదు.

లంకమల్లేశ్వరస్వామి వెలసిన ఆ కొండల దిగువన, ముండ్లపొదల నడుమ నివసించు పక్షి కలివికోడి. కలివిపొదలను బట్టియే దానికాపేరు వచ్చినది. పేరునకు కోడియే గాని అది కోడిజాతిది కాదు. రొమ్మున రెండు గోధుమవన్నె పట్టెలు, సన్నని పొడవైన కాళ్లు గలిగి, ఎగురుటకంటె పరుగిడుటకే యిష్టపడు చిన్న పిట్ట. 1848లో జెర్డాన్ అను ఆంగ్ల వైద్యుని మూలమున శాస్త్రజ్ఞులకు తెలియవచ్చినది. 1900లో అనంతపురము ప్రాంతమున కనబడిన పిమ్మట దాని జాడ లేకపోయెను. వెదకినవారు విసిగి, అది అంతరించినదనియే తలచిరి.

బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ పక్షి బొమ్మను చేతబట్టి పల్లెల వెంట తిరిగి, పిట్టలు పట్టువారిని విచారించెను. 1986 జనవరిలో సిద్ధవటము చెంత రెడ్డిపల్లె ప్రాంతమున ఒక వేటగాడు రాత్రివేళ దీపపు వెలుగున దానిని పట్టి తెచ్చెను. పాపము, ఆ పక్షి ఎక్కువ దినములు బ్రతుకలేదు. అయినను జాతి మిగిలియున్నదని తేలినది. అది రాత్రించరమను సంగతి అడవినే నమ్ముకొన్న యా వేటగానికి తెలియును. 86 ఏండ్లు గ్రంథములు చెప్పలేని దానిని అతడు చెప్పెను. అనుభవ మంటపమున చెప్పులు కుట్టు హరళయ్యకును, పడవ నడుపు చౌడయ్యకును శరణులు పీఠమేల యిచ్చిరో ఇట్టి చోట బోధపడును.

1988లో ఆ యడవి శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యమైనది. కాని హద్దురాళ్లు పాతినంతమాత్రమున ప్రాణి బ్రతుకదు. దానికేమి కావలెనో తెలియవలెను గదా! 2000 తరువాత పరిశోధకులొక యుపాయము పన్నిరి. పొదల నడుమ మెత్తని మట్టిని పట్టెలుగా పరచి, తెల్లవారిన పిదప వానిపై పడిన అడుగుల గుర్తులను పరీక్షించిరి. పక్షిని తాకక, బెదరింపక, దాని బ్రతుకు తెరువు తెలిసికొను ఈ పద్ధతి నిజముగా ప్రశంసార్హము. హెక్టారునకు 300 మొదలు 700 వరకు పెద్ద పొదలుండి, నడుమ బయలు నేల యున్న చోటనే అది యెక్కువగా తిరుగునని తేలినది. పొదలు నరికివేసినను దానికి నిలువ నీడ లేదు. దట్టముగా పెరిగి అల్లుకొన్నను పరుగిడ తావు లేదు. కావున పశువులను, మేకలను మితిమీరి మేపుట ఎంత కీడో, మేపు పూర్తిగా మాన్పించుటయు కీడు కావచ్చును. అడవికి కాపరియే శత్రువని తలచువారు దీనిని గమనింపవలెను.

2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఈ పక్షి యున్న పొదలలోనికి వచ్చెను. పరిశోధకులు అభ్యంతరము తెలుపగా, కాలువ దారి మార్చబడినది. పక్షికై కొంత భూమియు సేకరింపబడినది. రైతునకు నీరు వలదని ఎవ్వరును అనలేదు. అడుగుల గుర్తుల లెక్క చేతనుండుటచేతనే ఆ వాదము నిలిచినది.

అటుపిమ్మట చాలకాలము కలివికోడి కనబడలేదు, వినబడలేదు. రెండవమారు అంతరించినదను మాట పుట్టినది. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశమున దాని కూత మరల వినబడి, ధ్వనిముద్రణమైనది. ఆ కూత రెండక్షరముల పిలుపు వంటిది. ప్రొద్దు గ్రుంకిన ముప్పావు గంటకు మొదలై, కొలది నిమిషములకే ఆగిపోవును. పట్టణమునుండి వచ్చు పరిశోధకుడు ఆ యడవి యంచున ఉండు సాయంకాలములు ఏటికెన్నియో లెక్కింపవచ్చును. మందను మరల్చుకొని వచ్చు కాపరి ప్రతిదినమును ఆ దారినే నడచును.