గెనిమ వేయడానికి సబ్సిడీ ఉంది, నిలబెట్టడానికి?

(సభ్య సంఘాల కార్యదర్శులకు, పాలకవర్గ సభ్యులకు పాఠం)

పాల సంఘానికి భూసంరక్షణతో ఏమి పని అని సభ్యులు మమ్ములను అడుగుతూ ఉంటారు. మేత నేలలో నుండి రావలసిందే గనుక పని ఉన్నదని మా జవాబు.

ఎర్రగుంట్ల మండలంలోని కలమల్ల రేనాటి చోళుల తెలుగు శాసనం వెలసిన ఊరు. రేనాడు అనే పేరే రేగడి నేలను బట్టి వచ్చిందంటారు. ఈ నల్లరేగడి ఎండకు నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే ఉబ్బి నీటిని నెమ్మదిగా పీలుస్తుంది. పెద్ద వానలో ఇంకని నీరు మట్టిని వెంటబెట్టుకొని పోతుంది. ఎకరాపై ఒక సెంటీమీటరు వాన అంటే సుమారు 40,000 లీటర్ల నీరు. ఒక మిల్లీమీటరు మట్టి పోయిందంటే ఎకరాకు సుమారు 5 టన్నులు పోయినట్లు.

సబ్సిడీ సంగతి

1973-74లో మొదలైన కరువు పీడిత ప్రాంతాల పథకం మన జిల్లాలోనూ అమలు జరిగింది. 1994లో సి.హెచ్. హనుమంతరావు కమిటీ ఇచ్చిన నివేదిక మీద, 1995 నుండి పనులు వాటర్‌షెడ్ వారీగా గ్రామ కమిటీల చేతికి వచ్చాయి. 2008 మార్గదర్శకాల ప్రకారం సొంత పొలంలో నేల, నీటి సంరక్షణ పనికి రైతు వాటా నూటికి 10. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, చిన్న, సన్నకారు రైతులకు 5. ఈ వాటా అభివృద్ధి నిధికి జమ అయ్యేది. అయితే ఆ నిధి ఉమ్మడి ఆస్తుల మరమ్మతుకే గాని, సొంత పొలంలోని గెనిమల మరమ్మతుకు కాదు. అంటే వేయడానికి ప్రభుత్వ సొమ్ము, కాపాడడానికి రైతు సొమ్ము.

అమెరికాలో 1985 చట్టంతో వేరొక పద్ధతి పెట్టారు. కోతకు గురయ్యే భూమిని సాగు మాని గడ్డి కింద ఉంచితే, పది పదిహేనేండ్ల ఒప్పందం మీద ప్రభుత్వం ఏటా కౌలు చెల్లిస్తుంది. ఆ గడ్డిని మామూలుగా కోయరాదు. మనకు ఏటా వచ్చే కౌలు లేదు. ఆ లోటు తీర్చగలది గెనిమ మీది గడ్డి, దాని వల్ల వచ్చే పాల బిల్లు.

మేము చూసినది

ఒక సంఘంలో ఒక సభ్యుడు పాలు పోయడం మానినాడు. తనిఖీ నోటులో “సభ్యుని అశ్రద్ధ” అని వ్రాశాము. తరువాత చేను చూస్తే సంగతి వేరు. పై చేనికి సబ్సిడీ గెనిమ వేశారు, కొలతలు తీశారు, బిల్లు అయింది. మిగులు నీరు పోవడానికి మరవ పెట్టలేదు, గడ్డి నాటలేదు. మూడో వానకాలంలో గెనిమ తెగి, మట్టి కింది చేనిలోని జొన్న మీద పడింది. కింది చేను ఆ సభ్యుడు గుత్తకు చేస్తున్నది. సొప్ప లేక ఎనుమును అమ్ముకున్నాడు. సబ్సిడీ ఒకరిది, నష్టం ఇంకొకరిది. మా నోటు తప్పని మేము ఒప్పుకుంటున్నాము.

సంఘాలు చేయదగినవి

1. లోతైన రేగడిలో గెనిమ నెర్రెలిచ్చి నీరు దారి చేసుకుంటుంది. కనుక కొంచెం వాటంగా వేసి, చివర రాళ్ళతో మరవ పెట్టించాలి. బిల్లుకు ముందే ఇది చూడాలి.

2. తొలి వానలకు గెనిమ మీద అంజన్ గడ్డి, స్టైలో వంటివి వేయించాలి. విత్తనాన్ని సంఘమే కలిసికట్టుగా తెప్పిస్తే మేలు.

3. గడ్డిని కోసి మేపాలి. పశువులను గెనిమ మీదికి తోలితే గిట్టలకు మట్టి జారుతుంది.

4. గుత్త చేను అయితే, గడ్డి ఎవరిది, మరమ్మతు ఎవరిది అన్నది దరఖాస్తుకు ముందే ఇద్దరూ కాగితం మీద వ్రాసుకోవాలి. గడ్డి దక్కితేనే గుత్తదారు గెనిమను చూసుకుంటాడు.

5. ఏటా వానలకు ముందు పాలకవర్గం ఒక పూట సభ్యుల చేలు తిరిగి, తెగిన చోట్లు రిజిస్టరులో వ్రాసుకోవాలి.

పాలు తగ్గిన సభ్యుని పేరు పక్కన కారణం వ్రాసే ముందు, కార్యదర్శులు ఒకసారి అతని చేను చూసి రావలసినదిగా కోరుతున్నాము.